కిట్ కారుకు ఏ పాత ఇంజను? నల్లగొండ, పాలమూరు ఎండలకు ఆగే నాలుగు సిలిండర్ల ఎంపిక

కిట్ కారు, అంటే విడి భాగాలు తెచ్చి మన షెడ్డులో మనమే కట్టుకునే బండి, కట్టాలని కూర్చున్న ప్రతివారూ ముందుగా అడిగేది ఇంజను హార్స్‌పవర్ గురించే. నా లెక్కలో అది ఆఖరున అడగాల్సిన ప్రశ్న. ఇనుప గొట్టాలు వెల్డింగ్ చేసి, పైన పల్చటి అల్యూమినియం రేకు చుట్టి, రెండే సీట్లు పెట్టిన బండి ఆరేడు వందల కిలోలకు మించదు. అంత తేలికైన బండిని యాభై హార్స్‌పవర్ ఇంజను కూడా హుషారుగా లాగుతుంది. 1957లో ఇంగ్లండులో కాలిన్ చాప్‌మన్ తెచ్చిన లోటస్ సెవెన్ ఈ తరహా బళ్లన్నింటికీ మూలం. దాని తొలి నమూనాల్లో వేసింది 1172 సీసీ ఫోర్డ్ సైడ్ వాల్వు (వాల్వులు సిలిండర్ల పక్కన ఉండే పాత తరహా) ఇంజను. దాని శక్తి నలభై హార్స్‌పవర్ దగ్గరే ఆగేది. అప్పట్లో పూర్తి కారు కొంటే అక్కడ కొనుగోలు పన్ను పడేది, విడి భాగాలుగా కొంటే పడేది కాదు. ఆ పన్ను తప్పించుకోవడానికే జనం తమ షెడ్లలో బండ్లు కట్టుకున్నారు.

మన దగ్గర ఆ ఫోర్డ్ ఇంజన్లు దొరకవు. దొరికేవి ఫియట్, అంబాసిడర్, ఇసుజు, జిప్సీ ఇంజన్లు, అదృష్టం బాగుంటే ప్రీమియర్ 118 ఎన్‌ఈ కారులోని నిస్సాన్. వీటిలో ఏది ఎవరికి సరిపోతుందో చెప్పే ముందు, డబ్బు ఖర్చుపెట్టేవారు తప్పక తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది.

రోడ్డు మీదికి తెచ్చే ఆలోచన ఉంటే

1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకూ రిజిస్ట్రేషన్ పత్రానికీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. కొత్తగా కట్టిన బండికి నంబరు కావాలంటే పుణేలోని ఏఆర్‌ఏఐ లాంటి వాహన పరీక్షల సంస్థలో నమూనా పరీక్ష నెగ్గాలి. అది కంపెనీలు భరించే ఖర్చు, ఒక్క మనిషి వల్ల కాదు. అందుచేత ఈ సలహా అంతా సొంత పొలంలో, తోటలో, లేదా కోయంబత్తూరు కరి మోటార్ స్పీడ్‌వే, చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై లాంటి ట్రాకుల మీద నడిపే బండి కోసం. ట్రాకు మీదికి వెళ్లే ముందు అక్కడి భద్రతా నియమాలు అడిగి తెలుసుకోండి. జడ్చర్ల దగ్గర 44వ జాతీయ రహదారి ఎక్కాలనో, నార్కట్‌పల్లి దగ్గర 65వది ఎక్కాలనో ఆశపడితే మాత్రం కిట్ కారు మానేసి, పత్రాలు సరిగా ఉన్న పాత బండిని అలాగే బాగుచేసుకోండి.

దీనికి తోడు మరో మాట. యాభై ఏళ్లు దాటి, మార్పులు లేకుండా ఉన్న బండ్లను వింటేజ్ వాహనాలుగా నమోదు చేసుకునే వీలు 2021 నుంచి ఉంది. కొత్త నమోదుకు ఫీజు రూ. 20,000, గడువు పదేళ్లు. కాబట్టి చెట్టు కింద నిలిచిపోయిన అంబాసిడరో ఫియటో కదలకపోయినా, ఒళ్లు చెడకుండా ఉంటే దాని ఇంజను ఊడదీయకండి. అలాంటి బండి విలువ దాని ఇంజనుకన్నా ఎంతో ఎక్కువ. తుప్పు తిన్న, ప్రమాదంలో నలిగిన బండి నుంచే ఇంజను తీసుకోండి.

ఏం చూడాలి

మొదటిది ఇంజను కూర్చునే దిక్కు. కిట్ కారులో ఇంజను ముందు, ఛాసిస్ (బండి చట్రం) పొడవునా ఉంటుంది, లాగేవి వెనుక చక్రాలు. మారుతీ 800, జెన్, ఎస్టీమ్ ఇంజన్లు అడ్డంగా కూర్చుని ముందు చక్రాలను తిప్పుతాయి. వాటిని వాడాలంటే ఇంజనునూ గేర్‌బాక్స్‌నూ కలిపి సీట్ల వెనక్కి చేర్చి, ఛాసిస్‌ను వేరేగా రూపొందించాలి. మంచి వెల్డరు, ఓపిక, లెక్కలు తెలిసినవారికి అది చేతనవుతుంది. తొలిసారి కట్టేవారికి వద్దు. అందుకే నేను ముందు గేర్‌బాక్స్ చూస్తాను, తర్వాతే ఇంజను. ఇంజను ఒకచోట, గేర్‌బాక్స్ మరోచోట కొన్నవారు ఆ రెండింటినీ కలిపే అడాప్టర్ ప్లేటు కోసం లేత్ షాపుల చుట్టూ తిరుగుతూనే ఉంటారు. ఆ ప్లేటులో వెంట్రుకవాసి తేడా వచ్చినా క్లచ్ వణుకుతుంది, గేర్‌బాక్స్ ముందు బేరింగ్ త్వరగా పోతుంది. ఇంజను, గేర్‌బాక్స్, దాని నుంచి వెనుక చక్రాల వైపు వెళ్లే ప్రొపెల్లర్ షాఫ్టు, వీలైతే వెనుక యాక్సిల్ కూడా ఒకే బండి నుంచి తీసుకోండి.

రెండోది చేయి తిరిగిన మనిషి. సిలిండర్ బోరింగు, క్రాంకు షాఫ్టు గ్రైండింగు పనులు నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ లాంటి ఊళ్లలో జరుగుతాయి. మిర్యాలగూడ రైస్‌మిల్లుల పుణ్యమా అని ఇంజను పని తెలిసినవారికి కొదవ లేదు. పిస్టన్లు, రింగులు, బేరింగులు మాత్రం మీరే వెతికి తెచ్చివ్వాలి. నల్లగొండ వైపువారికి హైదరాబాద్ రాణిగంజ్, విజయవాడ ఆటోనగర్ రెండూ అందుబాటే. పాలమూరు వైపువారు రాణిగంజ్ మీదే ఆధారపడాలి.

మూడోది, నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది, చల్లదనం. మే నెలలో మన దగ్గర ఎండ 43, 44 డిగ్రీలు దాటుతుంది. కిట్ కారు ముక్కు సన్నగా, కిందికి ఉంటుంది. దానిలో పట్టే రేడియేటర్ కూడా చిన్నదే, పైగా ఇంజను హెడ్డు (సిలిండర్ల పై మూత) కన్నా కింద ఉంటుంది. నీళ్ల దారిలో గాలి ఎప్పుడూ పైకే చేరుతుంది కాబట్టి అది హెడ్డులోనే చిక్కుకుంటుంది, హెడ్డు కాలిపోతుంది. దీనికి మందు ఒకటే. నీళ్లు పోసే ట్యాంకును విడిగా, హెడ్డు కన్నా పైన, ఇంజను వెనుక గోడకు బిగించాలి. హెడ్డు పైనుంచి ఒక సన్న గొట్టం ఆ ట్యాంకుకు వెళ్లాలి. కరెంటు ఫ్యాను తప్పనిసరి. వేడెక్కుతోందని థర్మోస్టాట్ (ఇంజను వేడెక్కేదాకా నీళ్లను ఆపే వాల్వు) పీకేయడం చాలామంది మెకానిక్‌లకు అలవాటు. వారిని ఆ పని చేయనివ్వకండి. అది లేకపోతే ఇంజను అసలు సరైన వేడికే చేరదు. సెన్సర్లున్న ఇంజను అయితే ఇంకా చల్లగానే ఉన్నాననుకుని పెట్రోలు ఎక్కువ తాగుతూనే ఉంటుంది.

ఇక నీళ్లు. మర్రిగూడ, మునుగోడు వైపు బోరు నీళ్లలోని ఫ్లోరైడు ఎముకలకూ పళ్లకూ చేసే చెరుపు అందరికీ తెలుసు. రేడియేటర్‌ను చెడగొట్టేది ఆ నీళ్లలోనే కరిగి ఉన్న సున్నం. ఎప్పుడైనా పాత రేడియేటర్ పై ట్యాంకు విప్పినప్పుడు లోపలికి చూడండి. సన్న గొట్టాల నోళ్ల చుట్టూ తెల్లటి పెచ్చు కట్టి, కొన్నిచోట్ల అగ్గిపుల్ల కూడా దూరనంతగా మూసుకుపోయి ఉంటుంది. ఆ పెచ్చే బ్లాకు (సిలిండర్లుండే ఇంజను దిమ్మ) లోపల నీళ్ల దారుల్లోనూ ఉంటుంది, అక్కడ కంటికి కనబడదు. డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ తప్ప వేరేదేదీ పోయకండి. హెడ్డు అల్యూమినియందైతే ఈ జాగ్రత్త రెట్టింపు కావాలి.

నాలుగోది పెట్రోలు. మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు 2000 ఫిబ్రవరితో పూర్తిగా పోయింది. పాత ఇనుప హెడ్డుల్లోని వాల్వు సీట్లు సీసం ఉన్న కాలానివి. గట్టిగా నడిపితే అవి అరిగి, టాపెట్ సందు (వాల్వుకూ దాన్ని నొక్కే భాగానికీ మధ్య ఖాళీ) మూసుకుపోతుంది. హెడ్డు ఎలాగూ విప్పుతారు కనుక గట్టి సీట్లు వేయించండి. ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది పాత రబ్బరు గొట్టాలను, పంపు డయాఫ్రమ్‌ను మెత్తబరచి పగలగొడుతుంది. ఏ ఇంజను కొన్నా గొట్టాలన్నీ కొత్తవి వేయండి, కార్బురేటర్ జెట్‌ను కాస్త పెద్దది చేయించండి. నెలల తరబడి కదలని బండి ట్యాంకులో పెట్రోలు ఉంచకండి.

ఒక్క చూపులో

బోరు అంటే సిలిండర్ వెడల్పు, స్ట్రోకు అంటే దానిలో పిస్టన్ కదిలే దూరం.

| ఇంజను | సీసీ | బోరు × స్ట్రోకు (మి.మీ.) | సుమారు హార్స్‌పవర్ | బ్లాకు / హెడ్డు | గేర్‌లీవరు |
|---|---|---|---|---|---|
| ఫియట్ 1100, పద్మిని | 1089 | 68 × 75 | 40 పైచిలుకు | ఇనుము బ్లాకు | స్టీరింగ్ పక్కన |
| అంబాసిడర్ పెట్రోలు | 1489 | 73 × 88.9 | 50 | ఇనుము / ఇనుము | పాతవాటిలో స్టీరింగ్ పక్కన |
| ఇసుజు 1.8 | 1817 | 84 × 82 | 75 నుంచి 88 | ఇనుము / అల్యూమినియం | కింద, 5 గేర్లు |
| జిప్సీ కింగ్ 8 వాల్వులు | 1298 | 74 × 75.5 | 60 | అల్యూమినియం రెండూ | కింద, 5 గేర్లు |
| జిప్సీ కింగ్ 16 వాల్వులు | 1298 | 74 × 75.5 | 80 | అల్యూమినియం రెండూ | కింద, 5 గేర్లు |
| 118 ఎన్‌ఈ నిస్సాన్ | 1171 | 73 × 70 | 52 | ఇనుము / అల్యూమినియం | కింద |

అంబాసిడర్ 1489

బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ బి-సిరీస్ ఇంజను ఇది. 1959లో అంబాసిడర్‌లోని సైడ్ వాల్వు ఇంజను స్థానంలో వచ్చి, దశాబ్దాలపాటు మన ఊళ్ల పెళ్లిళ్లకూ కలెక్టర్ల పర్యటనలకూ తిరిగింది. ఎంజీఏ అనే స్పోర్ట్స్ కారులో ఇదే 1489 సీసీ ఇంజనుకు రెండు ఎస్‌యు కంపెనీ కార్బురేటర్లు పెట్టి, 68 నుంచి 72 హార్స్‌పవర్ దాకా రాబట్టారు. కాబట్టి స్పోర్ట్స్ కారుకు ఇది పరాయిది కాదు. స్ట్రోకు పొడవు కనుక తక్కువ చుట్ల నుంచే బలంగా లాగుతుంది, మూడో గేరులో పడేసి పొలం గట్ల వెంట తీరికగా తిరగవచ్చు.

బరువు మాత్రం దీని శాపం. బ్లాకూ హెడ్డూ రెండూ పోత ఇనుము. చైన్ పుల్లీ లేకుండా దీన్ని దించడం కుదరదు. తేలిక బండి ముక్కు మీద ఇంత బరువు పెడితే మలుపుల్లో ముందు చక్రాలు తిన్నగా పోతాయి, తిరగవు. ఇంజనును వీలైనంత వెనక్కి, మీ కాళ్లకు దగ్గరగా జరపాలి. ఎత్తు కూడా ఎక్కువే, బానెట్ మీద బొడిపె తప్పదు.

గాలి లోపలికి పోయే మానిఫోల్డూ పొగ బయటికి వచ్చేదీ ఒకే పక్కన, ఎడమవైపు ఉంటాయి. మన కుడివైపు స్టీరింగ్ రాడ్డుకు అడ్డురాకపోవడం మేలే. కానీ కార్బురేటర్ పొగగొట్టం పైనే కూర్చుంటుంది. ఎండాకాలం మధ్యాహ్నం బండి ఆపి టీ తాగి వచ్చేసరికి గిన్నెలోని పెట్రోలు మరిగిపోతుంది, ఇంజను అందుకోదు. రెండింటి మధ్య రేకు అడ్డు బిగించి, పెట్రోలు గొట్టాన్ని దూరంగా తిప్పితే చాలావరకు తగ్గుతుంది. పాత గేర్‌బాక్సుల్లో మొదటి గేరుకు సింక్రో (గేర్ల వేగాలు కలిపే రింగు) ఉండదు, బండి పూర్తిగా ఆగాకే వేయాలి.

ఇసుజు 1.8

కాంటెసా క్లాసిక్‌లో, 1990ల తొలినాళ్ల నుంచి అంబాసిడర్‌లో వచ్చిన జపాను ఇంజను. వాల్వులను తెరిచే కామ్ షాఫ్టు హెడ్డులోనే ఉంటుంది. బోరు స్ట్రోకు కన్నా పెద్దది కనుక పై స్పీడుల్లో ఊపిరి బాగా ఆడుతుంది. అయిదు గేర్ల పెట్టె, లీవరు కిందే ఉంటుంది కాబట్టి కిట్ కారులో నేరుగా కూర్చుంటుంది. ఆరేడు వందల కిలోల బండికి ఇది కావలసినదాని కన్నా ఎక్కువే. బ్రేకులు, వెనుక యాక్సిల్ కూడా అదే స్థాయిలో ఉండాలి. ఇది కూడా తేలికేమీ కాదు.

ప్రభుత్వాఫీసుల్లో తిరిగిన తెల్ల అంబాసిడర్లలో డీజిల్‌వి చాలా ఉంటాయి. బానెట్ ఎత్తి కార్బురేటర్ కళ్లారా చూశాకే బేరమాడండి. ఉత్తరపారాలో అంబాసిడర్ ఉత్పత్తి 2014 దాకా సాగింది కనుక ఈ ఇంజను విడి భాగాలు ఫియట్ కన్నా తేలిగ్గా దొరుకుతాయనుకుంటారు. నిజానికి 1489 సామాను దొరికినంత సులువుగా ఇసుజు సామాను దొరకదు. గాస్కెట్ సెట్టు, వాటర్ పంపు, టైమింగ్ చైను చేతికి వచ్చాకే ఇంజనుకు డబ్బు కట్టండి.

ఫియట్ 1089

వీటన్నిటిలోనూ నాకు మనసైన ఇంజను ఇదే. చిన్నది, పొందికైనది, తిప్పినకొద్దీ పాడుతుంది. స్ట్రోకు పొట్టి కావడంతో అంబాసిడర్ కన్నా చురుగ్గా పైకెక్కుతుంది. లోటస్ సెవెన్ లాంటి సన్నని ముక్కులో ఇబ్బంది లేకుండా ఇముడుతుంది, బరువు తక్కువ కాబట్టి బండి మలుపుల్లో మాట వింటుంది. నలభై హార్స్‌పవర్‌తో ఏం చేస్తామని అడిగేవారికి తేలిక బండిలో ఒకసారి కూర్చోబెట్టి చూపించాలి. నేలకు జానెడెత్తులో కూర్చుని అరవై కిలోమీటర్ల వేగంతో పోతుంటే, పెద్ద కారులో వంద కన్నా ఎక్కువ అనిపిస్తుంది.

పద్మిని ఉత్పత్తి 2000 ప్రాంతంలో ఆగిపోయింది. ముంబైలో చివరి పద్మిని టాక్సీ 2023 అక్టోబరులో రోడ్డు దిగింది. టాక్సీలు తిరిగినన్నాళ్లూ సామాను వచ్చేది, ఇకపై ఏడాదికేడాది తగ్గిపోతుంది. మన వైపు దొరికే ఫియట్ ఇంజన్లలో చాలావరకు ఒకటికి రెండుసార్లు బోరు కొట్టినవే. గేజీతో కొలిపించి, ఇంకో ఓవర్‌సైజు పిస్టనుకు గోడలో చోటుందో లేదో చూసి తీసుకోండి. గేర్‌లీవరును స్టీరింగ్ పక్క నుంచి కిందికి మార్చాలి. లేత్ షాపువారు చేయగలరు, కానీ లింకులు వదులైతే ఒక గేరు వేయబోతే మరొకటి పడుతుంది. ఈ పనికి తొందరపడే మనిషిని పెట్టుకోకండి.

జిప్సీ 1.3

మీలో ఎక్కువమందికి నేను చెప్పేది ఇదే. జిప్సీ 1985లో 970 సీసీ ఇంజనుతో వచ్చింది. 1996లో వచ్చిన జిప్సీ కింగ్‌తో 1298 సీసీ అందింది, 2000లో దానికే 16 వాల్వులు, కార్బురేటర్ బదులు పెట్రోలు ఇంజెక్షను చేరాయి. బ్లాకు కూడా అల్యూమినియందే. విడిగా ఉన్న ఇంజనును ఇద్దరు బలమైనవాళ్లు కలిసి ఎత్తి బల్ల మీద పెట్టగలరు. జిప్సీలో ఇది ఛాసిస్ పొడవునా కూర్చుని వెనుక చక్రాలను తిప్పుతుంది. లోపలి సామాను చాలావరకు ఎస్టీమ్‌తో కలుస్తుంది కనుక పిస్టన్లు, రింగుల కోసం వెతుకులాట తక్కువ. ర్యాలీల్లో జిప్సీకున్న పేరు అందరూ ఎరిగిందే. కోయంబత్తూరు ఎల్‌జీబీ ఫార్ములా పోటీ కార్లను ఏళ్లపాటు పరుగెత్తించింది కూడా మారుతీ 1.3 లీటర్ల ఇంజనే.

దీనిలో మరో వెసులుబాటు ఉంది. చాలా జీపుల్లో ఫోర్ వీల్ గేర్ల పెట్టె అసలు గేర్‌బాక్స్‌కు అతుక్కుని ఉంటుంది. జిప్సీలో అది విడిగా ఉండి, ఒక పొట్టి షాఫ్టుతో కలుస్తుంది. దాన్ని పక్కన పెట్టేసి గేర్‌బాక్స్ నుంచి నేరుగా వెనుక యాక్సిల్‌కు ప్రొపెల్లర్ షాఫ్టు వేసుకోవచ్చు. అయితే జిప్సీ వెనుక యాక్సిల్‌లో డిఫరెన్షియల్ (రెండు చక్రాలకూ శక్తి పంచే గేర్ల గుండు) మధ్యలో ఉండదు, ఒక పక్కకు జరిగి ఉంటుంది. షాఫ్టు వాలుగా పోతుంది కాబట్టి సీట్ల మధ్య సొరంగాన్ని ముందే ఆ కొలతకు వెల్డింగ్ చేయించండి.

అల్యూమినియం ఒక్కసారి వేడెక్కితే క్షమించదు. అంబాసిడర్ ఇంజను నీళ్లు మరిగినా చల్లారాక మళ్లీ నడుస్తుంది. జిప్సీ హెడ్డు మాత్రం వంగిపోతుంది, లేత్ మీద మట్టం చేయించాలి. పైన చెప్పిన ట్యాంకు, ఫ్యాను, డిస్టిల్డ్ వాటర్ జాగ్రత్తలు దీనికే ఎక్కువ అవసరం. టైమింగ్ బెల్టు పాతదెంత బాగా కనబడినా మార్చేయండి.

8 వాల్వులా, 16 వాల్వులా? పొలానికీ తోటకూ 8 వాల్వుల కార్బురేటర్ ఇంజను చాలు. దేవరకొండ అవతల బండి ఆగితే స్క్రూడ్రైవర్‌తో ఇంటికి చేరవచ్చు. 16 వాల్వులది కావాలంటే ఇంజనుతోపాటు దాని కంప్యూటర్, వైర్ల కట్ట మొత్తం, సెన్సర్లు, ట్యాంకులోని పంపు అన్నీ అదే బండి నుంచి రావాలి. వైర్లు కోసి అమ్మే దుకాణం దగ్గర బేరమాడకండి.

మిగిలినవి

118 ఎన్‌ఈలోని నిస్సాన్ ఇంజను తేలికైనది, చలాకీది. బండి రూపం ఫియట్ 124ది, గుండె జపానుది. పూర్తిగా ఒక చెడిన బండి చవకగా దొరికితే కళ్లు మూసుకుని తీసుకోండి, గేర్‌బాక్స్, యాక్సిల్ అన్నీ పనికొస్తాయి. ఇంజను ఒక్కటే దొరికితే వదిలేయండి, సామాను కోసం తిరిగి తిరిగి విసిగిపోతారు. విల్లీస్ జీపు 2199 సీసీ పెట్రోలు ఇంజను, తర్వాతి మహీంద్రా ప్యుగో డీజిల్ జీపులకే తగినవి. కిట్ కారు ముక్కు వాటిని మోయలేదు. ఇంజినీరింగ్ విద్యార్థులు ఫార్ములా స్టూడెంట్ తరహా పోటీల కోసమైతే ఈ జాబితా మొత్తం పక్కన పెట్టాలి. అక్కడ 710 సీసీకి మించనివ్వరు, మోటారుసైకిల్ ఇంజనే దారి.

మరి ఎవరికి ఏది

తొలిసారి కడుతున్నారా, షెడ్డు చిన్నదా, ఖర్చు అదుపులో ఉండాలా: జిప్సీ కింగ్ 8 వాల్వులు. ట్రాకు మీదికి వెళ్లాలనుంటే 16 వాల్వులది. మీ ఇంట్లోనో వాడలోనో అంబాసిడర్‌ను ఏళ్లుగా చూసుకున్న పెద్దాయన ఉంటే 1489 తీసుకుని ఆయన్ను పక్కన కూర్చోబెట్టుకోండి. ఆ చెవికి వినబడే టాపెట్ చప్పుడు ఏ మీటరూ చూపదు. పాత బండి గొంతు వినాలని, రూపం చిన్నగా ఉండాలని కోరుకుంటే, వెతికే ఓపిక ఉంటే ఫియట్. ఇసుజు మాత్రం ఒక బండి కట్టిన అనుభవం ఉన్నవారికి.

కొనే రోజు

ఇంజనును నడిపించి చూపమనండి. ఆయిలు మూత తీస్తే నోటి నుంచి పొగ ఉబుకుతుంటే రింగులు పోయినట్టే. మూత లోపల పాల మీగడ లాంటి పొర ఉంటే నీళ్లు ఆయిల్లో కలుస్తున్నాయి. నాలుగు సిలిండర్ల కంప్రెషన్ కొలిపించండి, ఒకదానికొకటి పది శాతం లోపే తేడా ఉండాలి. క్రాంకు పుల్లీని ముందుకూ వెనక్కూ లాగి చూడండి, టకటకమని ఆడితే బేరం తగ్గించడం కాదు, వదిలేయాలి. ఇంజను నంబరు చెరిపిన ఆనవాళ్లు ఉంటే ఎంత చవకైనా ముట్టుకోకండి. రద్దయిన రిజిస్ట్రేషన్ పత్రం నకలు, అమ్మకం కాగితం మీ పేరున రాయించుకోండి.

పని ముగిసిన ఇంజనును ఛాసిస్‌లో దించకముందే, ఇనుప స్టాండు మీద రేడియేటర్ తగిలించి నడపండి. ఫియట్, అంబాసిడర్ ఇంజన్లలో కామ్, టాపెట్లు కొత్తవైతే మొదటిసారి అందుకున్న వెంటనే నిమిషానికి 2000 చుట్ల దగ్గర ఇరవై నిమిషాలు ఉంచాలి, ఐడిలింగులో వదిలితే కామ్ గుండ్రాలు అరిగిపోతాయి. తర్వాత ఆపి, పూర్తిగా చల్లారాక ఆ రెండు ఇంజన్లకు హెడ్డు నట్లు వరుస ప్రకారం మళ్లీ బిగించి, టాపెట్ సందు సరిచూసి, తొలి ఆయిలు తీసేసి కొత్తది పోయండి.